పాఠం ఎవరిది? కడప, కర్నూలు సాహిత్య ప్రతులు - అంతర్జాలంలో గ్రంథస్వామ్యం: యూరప్ చట్టాల వెలుగులో ఒక విమర్శ

వ్యాస సంగ్రహం:
కడప, కర్నూలు ప్రాంతాల సాహిత్యం నేటి పరిశోధకుడికి ఎక్కువగా అంతర్జాలంలోనే అందుతోంది. అక్కడ రెండు విపరీత ధోరణులు పక్కపక్కనే కనిపిస్తాయి. ఎవరి స్వామ్యమూ లేని ప్రాచీన రచనల మీద హక్కు ప్రకటనలు వెలుస్తాయి. స్వామ్యం ఇంకా చెల్లుతున్న ఆధునిక రచనలు మాత్రం అడిగేవారు లేనట్టు చేతులు మారుతుంటాయి. వేమన పద్యాలు, కాలజ్ఞానం, అన్నమయ్య సంకీర్తనలు, రా.రా., పుట్టపర్తి రచనలను ఉదాహరణలుగా తీసుకొని ఈ స్థితిని విశ్లేషించడం, 2019 తర్వాత యూరప్‌లో వచ్చిన చట్టపరమైన మార్పుల్లో తెలుగు పరిశోధనకు పనికివచ్చేదేమిటో, పనికిరానిదేమిటో తేల్చడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: గ్రంథస్వామ్యం, పాఠపరిష్కరణ, వేమన, అన్నమయ్య, రా.రా., అలభ్య గ్రంథాలు, యూరప్ ఆదేశం, రాయలసీమ సాహిత్యం.

1. ఉపోద్ఘాతం:
తెలుగు సాహిత్య పరిశోధనలో పాఠం గురించిన చర్చకు సుదీర్ఘ చరిత్ర ఉంది. ఏ ప్రతి ప్రాచీనం, ఏ పాఠాంతరం గ్రాహ్యం, ఏ పద్యం ప్రక్షిప్తం అన్న ప్రశ్నలకు పండితులు ఒక శతాబ్దానికి పైగా సమాధానాలు వెతికారు. ఆ పాఠం మీద హక్కు ఎవరిదన్న ప్రశ్నకు మాత్రం అంత ప్రాధాన్యం దక్కలేదు. అచ్చుపుస్తకం అంగడిలో దొరికినంత కాలం ఆ ప్రశ్నతో పరిశోధకుడికి పెద్దగా పని పడలేదు. పుస్తకం అలభ్యమై, దాని స్కాన్ ప్రతి అంతర్జాలంలో లభిస్తున్న ఈ కాలంలో ఆ ప్రశ్నను దాటవేయడం సాధ్యం కాదు. సిద్ధాంత వ్యాసంలో ఉదాహరించిన పుట ఏ ముద్రణలోనిది, ఆ ప్రతిని అంతర్జాలంలో పెట్టే అధికారం ఎవరికుంది అన్నవి రెండూ విడదీయరాని అంశాలుగా మారాయి.

యూరోపియన్ యూనియన్ 2019 ఏప్రిల్ 17న డిజిటల్ ఏక విపణిలో గ్రంథస్వామ్యానికి సంబంధించిన 2019/790 ఆదేశాన్ని ఆమోదించింది. సభ్యదేశాలు దాన్ని తమ చట్టాల్లో అమలు చేయడానికి 2021 జూన్ 7 వరకు గడువు ఇచ్చింది. ఈ ఆదేశం గురించిన ప్రచారమంతా పెద్ద వేదికలకూ సంగీత సంస్థలకూ మధ్య జరిగిన వివాదం చుట్టూ సాగింది. గ్రంథాలయాలకు, పరిశోధనా సంస్థలకు సంబంధించిన నిబంధనలు అందులో అంతకంటే తక్కువ ముఖ్యమైనవి కావు. రాయలసీమ సాహిత్య స్థితికి వాటిని అన్వయించి చూస్తే వాటి విలువ, పరిమితి కూడా స్పష్టమవుతాయి.

2. కాలపరిమితి లెక్క:
భారత గ్రంథస్వామ్య చట్టం 1957లోని 22వ సెక్షను ప్రకారం, రచయిత జీవితకాలంలో ప్రచురితమైన సాహిత్య రచనకు అతడు మరణించిన మరుసటి సంవత్సరం జనవరి 1 నుంచి 60 ఏళ్లు రక్షణ ఉంటుంది. తొలుత ఇది 50 ఏళ్లే. 1941లో మరణించిన రవీంద్రనాథ్ ఠాగూర్ రచనల గడువు 1991తో ముగియనున్న సందర్భంలో మరో పదేళ్లు పెంచారు. యూరప్‌లో ఈ గడువు 70 ఏళ్లు. కాబట్టి కాలపరిమితి విషయంలో యూరప్‌ను ఉదార నమూనాగా భావించడానికి వీలులేదు.

ఈ లెక్కను సీమ రచయితలకు వర్తింపజేస్తే మూడు తరగతులు ఏర్పడతాయి. వేమన, తాళ్లపాక కవులు, వేమనను అచ్చుకెక్కించిన సి.పి.బ్రౌన్ (1798-1884) రక్షణ పరిధికి పూర్తిగా వెలుపల ఉన్నవారు. కర్నూలులో జన్మించిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు (1883-1960) రచనలకు 2020 డిసెంబరు 31తో గడువు తీరింది. 2021 జనవరి 1 నుంచి వాటిని ఎవరైనా పునర్ముద్రించవచ్చు, అంతర్జాలంలో ఉంచవచ్చు. మూడో తరగతి ఆధునికులది. గడియారం వేంకటశేషశాస్త్రి (మరణం 1980) రచనలు 2040 చివరి వరకు, రాచమల్లు రామచంద్రారెడ్డి (మరణం 1988) రచనలు 2048 చివరి వరకు, పుట్టపర్తి నారాయణాచార్యులు (మరణం 1990) రచనలు 2050 చివరి వరకు రక్షణలో ఉంటాయి. 2023లో కన్నుమూసిన కేతు విశ్వనాథరెడ్డి కథలు 2084 జనవరి 1న గాని ఉమ్మడి సొత్తు కావు. నేడు పిహెచ్.డి.లో చేరిన విద్యార్థి ఉద్యోగ విరమణ చేసిన తర్వాత కూడా ఆ తేదీకి చాలా ఏళ్లు మిగిలి ఉంటాయి.

అంతర్జాలంలో ఒక పుస్తకం కనబడితే అది స్వేచ్ఛగా వాడుకోదగినదన్న అభిప్రాయం విద్యార్థుల్లో బలంగా ఉంది. పాతదైతే దానిపై ఎవరికీ ఏ హక్కూ లేదన్నది మరో అభిప్రాయం. పై లెక్క మొదటి అభిప్రాయాన్ని తోసిపుచ్చుతుంది. రెండో అభిప్రాయం నిలుస్తుందో లేదో తెలియాలంటే పాఠపరిష్కరణ వైపు చూడాలి.

3. పరిష్కర్తకు దక్కేదెంత?
1820లో కడపకు వచ్చిన బ్రౌన్ పండితులను నియమించుకొని ప్రతులు సేకరించి, వాటిని సరిచూపించి, 1829లో వేమన పద్యాలను ఆంగ్లానువాదంతో ప్రచురించాడు. 1839లో మరింత పెద్ద సంకలనం వెలువరించాడు. ఆ తర్వాత వచ్చిన వేమన ముద్రణలు ఎన్నో. వాటిలో చాలావాటి మీద సర్వహక్కులు తమవేనన్న ప్రకటన ఉంటుంది. వేమన పద్యం మీద ప్రచురణకర్తకు హక్కు ఎక్కడిది?

ఈ ప్రశ్నను పొరలుగా విడదీయాలి. పీఠిక, వ్యాఖ్య, అర్థ వివరణ, ఎంపికలో చూపిన వివేచన పరిష్కర్త సొంత రచనలు. వాటికి రక్షణ ఉంది. పద్యపాఠానికి వచ్చేసరికి ఒక తార్కిక చిక్కు ఎదురవుతుంది. తాను నిర్ణయించిన పాఠమే వేమన చెప్పిన అసలు పాఠమని పరిష్కర్త అంటాడు. ఆ మాట నిజమైతే అతడు దానిని కనుగొన్నాడే తప్ప సృష్టించలేదు. సృష్టించనిదాని మీద గ్రంథకర్త హక్కు ఉండదు. అది తన ఊహతో పూరించిన పాఠమని ఒప్పుకుంటే హక్కు దక్కవచ్చు గాని, ప్రామాణికత సడలుతుంది. అంటే పరిష్కర్త పాండిత్య ప్రతిష్ఠ, అతని గ్రంథస్వామ్య వాదన ఒకదానికొకటి ఎదురు నిలుస్తాయి.

పోతులూరి వీరబ్రహ్మంగారి కాలజ్ఞానం విషయంలో ఈ చిక్కు మరింత ముదురుతుంది. బనగానపల్లె, కందిమల్లాయపల్లెలతో ముడిపడిన ఆ వాఙ్మయం తాళపత్రాల్లోనూ, తత్త్వాలు పాడేవారి నోటను, చౌక ముద్రణల్లోనూ ప్రవహిస్తూ వచ్చింది. ఒక ముద్రణలో కనిపించే వాక్యం మరో ముద్రణలో కనిపించదు. ఫలానా వాక్యం తమ ముద్రణలోనే ఉందని, దాన్ని ఇతరులు వాడరాదని ఎవరైనా అంటే ఆ వాక్యం తామే చేర్చినట్టు ఒప్పుకోవలసి వస్తుంది. అది వీరబ్రహ్మంగారిదేనంటే ఇతరులను ఆపే హక్కు మిగలదు.

న్యాయస్థానాలు ఈ చిక్కును భిన్నరీతుల్లో విప్పాయి. మృతసముద్రపు చుట్టల్లో ముక్కలైన ఒక ప్రతిని అతికి, లోపించిన భాగాలను పూరించిన పండితుడు ఎలీషా కిమ్రోన్‌కు ఆ పునర్నిర్మిత పాఠం మీద గ్రంథస్వామ్యం ఉందని ఇజ్రాయెల్ సుప్రీంకోర్టు 2000లో తీర్పు చెప్పింది. భారత సుప్రీంకోర్టు 2007 డిసెంబరులో ఈస్టర్న్ బుక్ కంపెనీ కేసులో శ్రమ మాత్రమే చాలదని, కొద్దిపాటి సృజనాత్మకత అయినా కనబడాలని నిర్ణయించింది. తీర్పుల పాఠంలో దోషాలు సరిదిద్దినంత మాత్రాన హక్కు రాదని, పేరాలుగా విభజించి సంఖ్యలివ్వడం వంటి విషయజ్ఞానంతో కూడిన చేర్పులకు మాత్రం రక్షణ ఉంటుందని చెప్పింది. దీన్ని తెలుగు పరిష్కరణకు అన్వయిస్తే లేఖక దోషాలను దిద్దిన పాఠానికి రక్షణ దొరకడం కష్టం. పాఠాంతర పట్టికకు, పద్యాల వర్గీకరణకు దొరికే అవకాశం ఉంది.

యూరప్ ఇక్కడ మధ్యేమార్గం ఎంచుకొంది. గ్రంథస్వామ్య కాలపరిమితిపై వచ్చిన 2006/116 ఆదేశంలోని 5వ అధికరణం, గడువు తీరిన రచనల శాస్త్రీయ పరిష్కరణలకు 30 ఏళ్లకు మించకుండా రక్షణ కల్పించే వెసులుబాటును సభ్యదేశాలకు ఇచ్చింది. జర్మనీ ఈ రక్షణను 25 ఏళ్లుగా నిర్ణయించింది. పరిష్కర్తను రచయితగా భ్రమించకుండా, అతని శ్రమను గుర్తించే ఏర్పాటు ఇది. మనకు ఇలాంటి నిబంధన లేదు. ఫలితంగా పదేళ్లు శ్రమించి పాఠాన్ని నిర్ణయించిన పండితుడికి చట్టబలం సన్నగా ఉంటుంది. ఆ శ్రమ ఏదీ లేకుండా పాత ముద్రణను తిరిగి అచ్చువేసినవారు సైతం సర్వహక్కులూ ప్రకటించుకుంటారు.

4. సాహిత్యం, వరస, గొంతు:
తాళ్లపాక అన్నమాచార్యుల (1408-1503) సంకీర్తనల మీద స్వామ్యం లేదన్నది నిర్వివాదం. అయినా అన్నమయ్య కీర్తన పాడి అంతర్జాలంలో ఉంచిన గాయకుడికి హక్కుల అభ్యంతరం ఎదురుకావచ్చు. ఇందుకు కారణం రాగిరేకుల స్వభావంలోనే ఉంది. వాటిమీద కీర్తనకు రాగం పేరు ఉంది కాని స్వరం లేదు. నేడు వినబడుతున్న వరసల్లో అధికభాగం 20వ శతాబ్దపు సంగీతవేత్తల రచనలే. సంకీర్తనల పరిష్కరణలో పాలుపంచుకొన్న వేటూరి ప్రభాకరశాస్త్రి 1950లో మరణించారు. సంకీర్తనలను పరిష్కరించి, ఎన్నింటికో స్వరాలు కూర్చిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ 1979లో మరణించారు. ఈ రెండు తేదీల మధ్య దూరం చట్టం దృష్టిలో చాలా పెద్దది.

చట్టం సంగీతరచనను పదాల నుంచి వేరుచేసి నిర్వచించింది. 1994 సవరణకు ముందు సంగీతరచన లిఖితరూపంలో ఉంటేనే గుర్తింపు ఉండేది. ఆ సవరణతో ఆ షరతు తొలగింది. కనుక ఒక వరస ఎప్పుడు కట్టారన్నదే కాక దాన్ని స్వరలిపిలో రాశారా లేదా అన్నదీ ముఖ్యమే. ఆ వరసను ఒక సంస్థ ఉద్యోగిగా కట్టారా, స్వతంత్రంగా కట్టారా అన్నదాన్ని బట్టి హక్కుదారు కూడా మారవచ్చు. ధ్వనిముద్రణకు ప్రచురణ తర్వాత 60 ఏళ్లు, గాయకుడి ప్రదర్శన హక్కుకు 50 ఏళ్లు వేరే లెక్కలు. ఒక్క కీర్తనలో హక్కు లేని పదం, హక్కు ఉన్న వరస, మరొకరి హక్కుగల ముద్రణ కలిసి ఉంటాయి.

ఈ పొరలను మనిషి విడదీయగలడు. యంత్రానికి అది సులభం కాదు. యూట్యూబ్ 2007 నుంచి వాడుతున్న కంటెంట్ ఐడీ వంటి వ్యవస్థలు దాఖలైన ధ్వనితో కొత్త ధ్వనిని పోల్చి చూస్తాయి. పోలిక కనబడితే ఆ వీడియోను ఆపడమో, దాని ఆదాయాన్ని హక్కు దాఖలు చేసినవారికి మళ్లించడమో జరగవచ్చు. కడపలో ఒక విద్యార్థిని సంప్రదాయంగా నేర్చుకొన్న వరసలో పాడిందా, ఒక క్యాసెట్టులోని వరసను అనుకరించిందా, ఆ క్యాసెట్టు వరస మీదనైనా దాఖలు చేసినవారికి హక్కుందా అన్న ప్రశ్నలు ఆ పోలికలో ఉండవు.

యూరప్ ఆదేశంలోని 17వ అధికరణం వేదికల మీద బాధ్యత పెంచింది. అనుమతి పొందడానికి శాయశక్తులా ప్రయత్నించాలని, హక్కుదారులు వివరాలిచ్చిన రచనలు వేదికమీద కనబడకుండా చూడాలని నిర్దేశించింది. ఇది ముందస్తు వడపోతకు దారితీస్తుందని పోలండ్ సవాలు చేసింది. యూరప్ న్యాయస్థానం 2022 ఏప్రిల్ 26న ఆ అధికరణాన్ని సమర్థిస్తూనే, చట్టసమ్మతమైన అంశాన్ని చట్టవిరుద్ధమైనదాని నుంచి తగినంతగా వేరుచేయలేని వడపోత భావప్రకటన స్వేచ్ఛకు విరుద్ధమని స్పష్టం చేసింది. ఫిర్యాదులపై నిర్ణయాన్ని యంత్రానికే వదలక మనిషి సమీక్షించాలన్నది ఆ అధికరణంలోనే ఉంది. 2024 ఫిబ్రవరి నుంచి పూర్తిగా అమలులోకి వచ్చిన డిజిటల్ సేవల చట్టం, తొలగింపుకు కారణాలు చెప్పడాన్ని తప్పనిసరి చేసింది.

భారత చట్టంలో 52వ సెక్షను ప్రకారం హక్కుదారు లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేస్తే వేదిక 21 రోజులు ఆ అంశాన్ని నిలిపివేయాలి. నిబంధనల ప్రకారం ఆ పని 36 గంటల్లో జరగాలి. ఆ 21 రోజుల్లో కోర్టు ఉత్తర్వు రాకపోతే తిరిగి అందుబాటులో ఉంచవచ్చు. ఈ ఏర్పాటు న్యాయంగానే కనిపిస్తుంది. అయితే ఇది ఫిర్యాదు మీద జరిగే తొలగింపుకు సంబంధించినది. వేదిక తన ఒప్పందాల ప్రకారం యంత్రంతో జరిపే పోలికకు, ఆదాయ మళ్లింపుకు ఇది సమాధానం చెప్పదు. స్వామ్యం లేని రచన మీద తప్పుడు హక్కు దాఖలు చేసినవారికి శిక్ష ఏమిటన్న ప్రశ్నకు యూరప్ ఆదేశం కూడా స్పష్టమైన జవాబివ్వలేదు. అన్నమయ్య వంటి కవి విషయంలో ఆ లోటే అసలు లోటు.

5. దొరకని పుస్తకం:
రెండో విపరీత ధోరణి ఇందుకు వ్యతిరేక దిశలో ఉంది. కడప నుంచి ‘సంవేదన’ పత్రికను నడిపిన రా.రా. తెలుగు విమర్శకు ఒక గీటురాయి. ‘అనువాద సమస్యలు’ గ్రంథానికి 1988లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. ఆయన మాస్కోలో ప్రగతి ప్రచురణాలయంలో అనువాదకుడిగా పనిచేశారు. ఆ సంస్థ తెలుగు అనువాదాలు పునర్ముద్రించదలచినవారు ముందుగా అనుమతి అడగవలసిన రాజ్యమే 1991లో లేకుండా పోయింది. అనువాదకుడి హక్కు, ప్రచురణాలయం హక్కు, మూల రచయిత హక్కు మూడూ విడివిడిగా తేల్చవలసినవి. పుట్టపర్తి ‘శివతాండవం’ స్థితి వేరు. అది పాఠంగానే కాక పఠనంగా, నృత్యంగా అంతర్జాలంలో సంచరిస్తోంది. కవి హక్కు 2050 వరకు ఉందన్న స్పృహ ఆ ప్రదర్శనల్లో అన్నిట ఉండకపోవచ్చు.

ఇలాంటి రచనల స్కాన్ ప్రతులు అనుమతి లేకుండా చేతులు మారడాన్ని చౌర్యమని ఒక్క మాటతో కొట్టివేయడం సులభం. దాన్ని విజ్ఞాన వితరణగా కీర్తించడమూ అంతే సులభం. రెండు మాటలూ అసంపూర్ణాలే. అంగడిలో దొరికే పుస్తకాన్ని స్కాన్ చేసి పంచడం రచయిత కుటుంబానికి, చిన్న ప్రచురణకర్తకు నేరుగా నష్టం. ఎక్కడా దొరకని పుస్తకాన్ని పంచడంలో అమ్మకపు నష్టం లేదు. అయితే అక్కడ నష్టపోయేది పాఠం. అలాంటి ప్రతుల్లో ప్రచురణ వివరాల పుట ఉండకపోవచ్చు. తొలి ముద్రణా, రచయిత సవరించిన ముద్రణా తెలియదు. ఒక పుట జారిపోయినా గుర్తించే వీలుండదు. బ్రౌన్ తన పండితులతో ప్రతులను సరిచూపించిన ఊరి సాహిత్యానికే ఈ గతి పట్టడం విషాదం. తాళపత్రం విషయంలో చూపే జాగ్రత్తలో పదో వంతు కూడా స్కాన్ ప్రతి విషయంలో పరిశోధకులు చూపడం లేదు.

చట్టంలో ఉన్న మార్గాలు ఇరుకైనవి. పరిశోధన సహా వ్యక్తిగత వినియోగానికి, విమర్శకు సముచిత వినియోగం కింద మినహాయింపు ఉంది. బోధనకు అవసరమైన నకళ్లకు ఢిల్లీ విశ్వవిద్యాలయ ఫోటోకాపీ కేసులో 2016లో విశాలమైన వ్యాఖ్యానం లభించింది. లాభాపేక్ష లేని ప్రజా గ్రంథాలయం తన వద్ద ఉన్న పుస్తకాన్ని భద్రపరచడానికి డిజిటల్ రూపంలో నిల్వ చేసుకోవచ్చునని 2012 సవరణ చెప్పింది. అంటే యోగి వేమన విశ్వవిద్యాలయం ఆధీనంలోని సి.పి.బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం అలభ్య గ్రంథాన్ని స్కాన్ చేసి దాచుకోవచ్చు. రక్షణలో ఉన్న ఆ గ్రంథాన్ని అంతర్జాలంలో అందరికీ అందించడానికి మాత్రం ఆ వెసులుబాటు చాలదు. హక్కుదారు ఎవరో తెలియనప్పుడు 31ఎ సెక్షను కింద న్యాయస్థానం ద్వారా లైసెన్సు పొందవచ్చు. ఒక్కో పుస్తకానికి ఆంగ్ల దినపత్రికలో ప్రకటన ఇచ్చి, న్యాయస్థానానికి వెళ్లే శక్తి ఏ తెలుగు శాఖకు ఉంది?

యూరప్ ఆదేశంలోని 8 నుంచి 11 వరకు ఉన్న అధికరణాలు సరిగ్గా ఈ ఖాళీని పూరించాయి. వాణిజ్యంగా లభ్యం కాని రచనలను సాంస్కృతిక వారసత్వ సంస్థలు తమ సేకరణ నుంచి అంతర్జాలంలో అందించవచ్చు. సామూహిక హక్కుల సంస్థ ఉంటే దాని లైసెన్సుతో, తగిన ప్రాతినిధ్యం గల సంస్థ లేకపోతే లాభాపేక్ష లేకుండా మినహాయింపు కింద ఆ పని చేయవచ్చు. వినియోగానికి ఆరు నెలల ముందు రచన వివరాలను అందరూ చూడగల పట్టికలో ప్రకటించాలి. హక్కుదారు ఎప్పుడైనా తన రచనను ఉపసంహరించుకోవచ్చు. ఈ చివరి రెండు షరతుల వెనుక ఒక అనుభవం ఉంది. అలభ్య గ్రంథాల కోసం ఫ్రాన్స్ 2012లో చేసిన చట్టం రచయితలకు విడివిడిగా సమాచారం చేరేలా చూడలేదని యూరప్ న్యాయస్థానం 2016 నవంబరులో తప్పుపట్టింది. పాఠకుల మేలు పేరుతో రచయితను విస్మరించరాదన్నది ఆ తీర్పు సారం.

6. అన్వయంలో ఇబ్బందులు:
యూరప్ నమూనాను యథాతథంగా తెచ్చుకోవడం కుదరదు. అక్కడ దేశదేశానా సామూహిక హక్కుల సంస్థలు బలంగా పాతుకుపోయాయి. తెలుగు రచయితల తరఫున అంత విస్తృతంగా మాట్లాడే సంస్థ లేదు. మన ప్రచురణ రంగంలో ఒప్పందాలు తరచు నోటిమాటగానే ఉంటాయి. హక్కు బదిలీ లిఖితంగా ఉండాలని, కాలవ్యవధి రాయకపోతే ఐదేళ్లుగా భావించాలని 19వ సెక్షను చెబుతోంది. దీని ప్రకారం ప్రచురణకర్త పేరిట ఉందనుకొన్న హక్కు చాలా సందర్భాల్లో రచయిత వారసుల వద్దే ఉండవచ్చు. ఆ వారసులకే ఆ సంగతి తెలియకపోవచ్చు. పైగా సీమ రచయితల్లో చాలామంది సొంత ఖర్చుతోనో మిత్రుల చందాలతోనో పుస్తకం వేసుకొన్నవారు. అలాంటి పుస్తకానికి హక్కుల కాగితం వెతకడం కంటే ఆ ఊరికి వెళ్లి ఇంటివారిని కలవడమే సులభమైన మార్గం.

7. ముగింపు:
పై విశ్లేషణ వల్ల తేలిన అంశాలు ఇవి. ప్రాచీన రచన విషయంలో పాఠాన్ని, పరిష్కరణను, వరసను, ధ్వనిముద్రణను వేరుచేసి చూడకుండా హక్కు ఉందనడం గాని లేదనడం గాని శాస్త్రీయం కాదు. పరిష్కర్తకు పరిమిత కాలపు ప్రత్యేక రక్షణ కల్పించే యూరప్ పద్ధతి తెలుగు పాఠపరిష్కరణకు మేలు చేస్తుంది. అలభ్య గ్రంథాల విషయంలో ముందస్తు ప్రకటన, ఉపసంహరణ హక్కు అనే రెండు షరతులతో 52వ సెక్షనులోని గ్రంథాలయ మినహాయింపును విస్తరించడం అవసరం.

చట్టం మారేవరకు విశ్వవిద్యాలయాలు చేయగలిగిన పని ఉంది. కడపలోని యోగి వేమన విశ్వవిద్యాలయం, కర్నూలులోని రాయలసీమ విశ్వవిద్యాలయం తమ ప్రాంత రచయితల మరణ సంవత్సరం, ముద్రణల వివరాలు, హక్కుదారుల సమ్మతితో కూడిన పట్టికను తయారు చేయించవచ్చు. గాడిచర్ల వంటి వారి రచనలను గడువు తీరిన గ్రంథాలుగా నిస్సంకోచంగా, ప్రచురణ వివరాల పుటతో సహా అంతర్జాలంలో ఉంచవచ్చు. రా.రా., పుట్టపర్తి వంటి వారి విషయంలో వారసుల లిఖిత అనుమతి కోరవచ్చు. ఇవ్వదలచుకొన్న కుటుంబానికి 2048 కోసమో 2050 కోసమో ఆగవలసిన పని లేదు. అనుమతి ఇచ్చేవారు నేడు అందుబాటులో ఉన్నారు. ఆ గడువు తీరే నాటికి కాగితం మీది అక్షరం నిలుస్తుందో లేదో చెప్పలేం. ప్రతి సిద్ధాంత వ్యాసంలోనూ ఉదాహరించిన ప్రతి ఏ ముద్రణలోనిదో, ఎక్కడ లభించిందో పేర్కొనడాన్ని పర్యవేక్షకులు తప్పనిసరి చేస్తే ఈ పని తరగతి గదిలోనే మొదలవుతుంది.